మరకల మేస్త్రీ, తెల్ల కమోడూ

బస్సు డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన మరకల మేస్త్రి. సాయంత్రం బండ్లొచ్చి వరసగా ఆగాక ఒక్కోదాని కింద ఓ పాత అట్టముక్క పరిచి ఇంటికి పోతాడు. పొద్దున రాగానే, ఇంజను మూతలు ఎత్తకముందే, వంగి ఆ అట్టలన్నీ బయటికి లాగుతాడు. నల్లగా చిక్కగా ఉంటే ఇంజను ఆయిలు. ఎర్రగా పలచగా ఉంటే స్టీరింగుది. పచ్చగా ఉండి వేలికి జారుడుగా తగిలితే రేడియేటరు. మరక ఎక్కడ పడిందో చూసి, దానికి సరిగ్గా పైన ఏముందో లెక్కగట్టి, కుర్చీలోంచి లేవకుండానే రోగం పేరు చెప్పేసేవాడు.

"డ్రైవరు మాట నేను వినను. బండి బ్రహ్మాండంగా ఉందంటాడు, ఎందుకంటే వాడు ఇంటికి పోవాలి. నేలకి ఎక్కడికీ పోయే పని లేదు, అది నిజమే చెబుతుంది" అనేవాడు.

"మామా, నా కింద కూడా ఓ అట్ట వెయ్యరాదూ, ఎక్కడ కారుతోందో చూద్దువు" అని డ్రైవర్లు ఎకసెక్కాలాడేవాళ్లు.

"నీకు కారేది నోటి దగ్గర్రా. దానికి అట్ట చాలదు, బకెట్టు పెట్టాలి" అనేవాడు.

ఆయన భార్యదీ మరకల ఉద్యోగమే. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే విభాగానికి పెద్ద. అక్కడ అందరికీ ఆమె దుప్పట్లక్క. ఏ మరకకి చన్నీళ్లు, ఏ మరకకి వేన్నీళ్లు, దేనికి ఏ మందు అన్నది ఆమెకి చూపుతోనే తెలిసిపోతుంది. అంటే ఒకే ఇంట్లో ఇద్దరు మరకల పండితులన్నమాట. ఒకాయన మరకని చదువుతాడు, ఒకావిడ చెరిపేస్తుంది. అయితే పొద్దంతా దాంతోనే వేగి ఇంటికొచ్చాక ఇద్దరికీ ఆ ఊసెత్తితే చిరాకు. పాతికేళ్ల కాపరంలో వాళ్లు మాట్లాడుకోని విషయం ఏదైనా ఉందా అంటే అదొక్కటే. కథంతా ఆ సందులోంచే దూరింది.

ఇంట్లో రెండు మరుగుదొడ్లు. లోపలిది ఆమెది. పెరటి వైపుది ఆయనది. "ఆ గ్రీజు చేతులతో నా గోడలు ముట్టుకోకండి" అని పెళ్లయిన కొత్తలోనే ఆమె పెట్టిన కట్టుబాటు అది. ఆయన పెరటి తలుపు నుంచే వచ్చి, అక్కడే కడుక్కుని, అక్కడే అన్నీ కానిచ్చి లోపలికి వస్తాడు. లోపలికి కుళాయి నీళ్లు వస్తే, అక్కడికి వచ్చేవి బోరు నీళ్లు. గొంతుక్కూర్చునే ఓ పాత బేసిను, ఓ మూల గుడ్డి దీపం. చుట్టాలొచ్చినా ఎవరూ అటు పోరు.

ఈ ఏడాది మోకాళ్లు మొరాయించాయి. బండ్ల కింద పాకీ పాకీ అరిగిపోయాయన్నాడు డాక్టరు. కూర్చుంటే లేవలేకపోతున్నాడని భార్యే పోరుపెట్టి పాత బేసిను తీయించి తెల్లటి పింగాణీ కమోడు, వెనకాల ఫ్లష్ ట్యాంకు పెట్టించింది. ప్లంబరు ఆ పని మధ్యాహ్నంలోగా ముగించి, ఓసారి మీట నొక్కి నీళ్లు పారించి చూపించి పోయాడు. మేస్త్రికి అది ఎంత నచ్చిందంటే మొదట్లో అక్కడికి పేపరు కూడా తీసుకెళ్లేవాడు.

కొన్నాళ్లకి ఆ తెల్లదనం మీద ఓ వలయం తేలింది. నీళ్లు నిలిచే అంచు వెంబడి, ఎర్ర మట్టి రంగులో, గాజంత సన్నగా. వెనక నుంచి దాని మీదికి దిగే ఓ చార కూడా ఉంది గానీ, దాన్ని ఆయన పట్టించుకోలేదు. వంగి చూశాడు. అలవాటు ప్రకారం బుర్ర తన పని తను చేసుకుపోయింది. రంగు ఎరుపు. చోటు నీటి అంచు. దీనికి సరిగ్గా పైన ఏముంది?

ఈ తెల్ల అట్ట మీద ఆగే బండి ఒక్కటే. అది తనే.

ఆయన చేతిలో పేపరు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఇలాంటి ఎరుపు ఆ ఇంటికి కొత్త కాదు. ఆయన అన్నకి మూత్రంలో రక్తం పడింది. "అప్పుడప్పుడే లేరా, వేడి చేసింది" అని దాచిపెట్టి, దాచిపెట్టి, చెప్పే సమయానికి డాక్టర్లు చేతులెత్తేశారు. ఆ అన్నని భుజాన వేసుకుని ఆస్పత్రి మెట్లెక్కింది ఈ తమ్ముడే. అంత చూసినవాడు మర్నాడే పరీక్షకి పరిగెత్తాలి కదా? పరిగెత్తలేదు. అన్న చేసిన పనే చేశాడు. నోరు మూసుకున్నాడు.

ఇంటిపెద్ద బాధని కడుపులో దాచుకుంటే మనవాళ్లకి భలే మెచ్చుకోలు. ఎంత గుండె నిబ్బరమో అంటారు. నిబ్బరమూ లేదు, పాడూ లేదు. భయం. డాక్టరు పేరు పెట్టనంత వరకూ రోగం లేనట్టేనని ఓ పిల్లతనపు ఆశ. ఇంజనులో చప్పుడు వస్తుంటే రేడియో గట్టిగా పెట్టుకునే డ్రైవర్లని జీవితమంతా తిట్టిన మనిషి ఇప్పుడు సరిగ్గా అదే చేశాడు.

మరక ఎవరి కంటా పడకూడదు. అందుకని ఇంకా చీకటి విడవకముందే లేచి తోమడం మొదలెట్టాడు. మామూలు బ్రష్షుకి అది లొంగలేదు. మేస్త్రి కదా, డిపో నుంచి ఇనుము రుద్దే గరుకు ఎమరీ కాగితం ముక్క జేబులో వేసుకొచ్చాడు. పిస్టను మీది మసి గీకినట్టు గీకాడు. వలయం పోయింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది, ఈసారి ముందుకన్నా గట్టిగా. వైరు బ్రష్షు తెచ్చాడు. పోయింది. ఇంకా తొందరగా వచ్చింది.

పింగాణీకి పైన గాజులాంటి నున్నటి పొర ఉంటుంది. ఏ మరకా దాని మీద కాలు నిలదొక్కుకోలేదు. దాన్ని గీకేస్తే పడే సన్నటి గాట్లే మరకకి కూర్చునే పీటలు. తోమినకొద్దీ ఆయన పీటలు వేస్తూ పోయాడు, మరక వచ్చి కూర్చుంటూ పోయింది. ఆయనకి మాత్రం ఇంకోలా అర్థమైంది. త్వరత్వరగా వస్తోందంటే లోపల ముదురుతోంది.

తర్వాత బ్లీచింగు పౌడరు చల్లి చూశాడు. మామూలు మురికికి అది మంచిదే. ఇలాంటి ఎర్ర మరక మీద మాత్రం అది పగబట్టినట్టు పనిచేస్తుంది, రంగుని ఇంకాస్త ముదరబెడుతుంది. పొద్దున చూస్తే వలయం ఎరుపు పోయి గోధుమరంగుకి తిరిగింది.  గడ్డకట్టిన రక్తం గోధుమరంగులోనే ఉంటుందని ఆయనకి తెలుసు.

ఇంట్లో ఆయన తీరు మారిపోయింది. ఓ ఆదివారం భార్యని పిలిచి "ఇదిగో, ఫ్యూజు పోతే ఎలా వెయ్యాలో చూపిస్తా, రా" అన్నాడు.

"నేనే కదండీ వేస్తోంది ఇన్నేళ్లుగా? మీరు వచ్చేసరికి దీపాలు వెలుగుతున్నాయంటే వాటంతటవే వెలుగుతున్నాయనుకున్నారా?"

ఆయన కాస్త తెల్లమొహం వేసి, "అయితే స్కూటరు నేర్పుతా" అన్నాడు.

పెళ్లయినప్పటి నుంచీ ఆమె అడుగుతోంది. క్లచ్చు పాడైపోతుందని, రోడ్లు బాగాలేవని, నీకెందుకు నేనున్నాగా అని ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్న మనిషి, తనంతట తనే తాళం చేతిలో పెట్టాడు. ఆమెకి సంతోషం వేసింది, వెంటనే అనుమానమూ వేసింది. మొగుడు ఉన్నట్టుండి మంచివాడైపోతే ఏ భార్యయినా జాగ్రత్తపడుతుంది.

"ఏంటి సంగతి?" అంది.

"ఏం లేదే. నేర్చుకుంటే పనికొస్తుందని."

"చీకటితో లేచి దొడ్డి కడుగుతున్నారు. నాకు స్కూటరు నేర్పుతానంటున్నారు. ఎక్కడికైనా పోదామనుకుంటున్నారా ఏంటి, సన్యాసుల్లో కలుస్తారా?"

"పో, నేనెక్కడికి పోతాను" అన్నాడు. గొంతు కాస్త జీరబోయింది. ఆమె అది విన్నది.  బలవంతం చేస్తే మేస్త్రి నోరు విప్పడని తెలుసు, బిగిసిన నట్టులా దానంతట అది ఊడేదాకా ఆగాలి.

అది ఊడింది ఓ మంగళవారం పొద్దున. బ్లీచింగుతో లాభం లేదని మేస్త్రి ఆ ముందు రోజు యాసిడ్ సీసా తెచ్చుకున్నాడు. కమోడులో బ్లీచింగు పౌడరు అప్పటికే వేసి ఉంది. దాన్ని నీళ్లతో పారించకుండానే, రెండూ కలిస్తే ఇంకా బాగా పనిచేస్తుందిలే అని పైన యాసిడ్ ఒంపాడు. రెండూ ఎన్నడూ కలపకూడదు. కలిస్తే పుట్టే గాలి మరకని వదిలేసి మనిషిని పట్టుకుంటుంది. చుయ్యిమని లేచింది. కళ్లు మండాయి, గొంతులో కారం కొట్టినట్టయింది, దగ్గు తెర మీద తెర. గడియ ఎటువైపుందో కూడా తెలియలేదు.

వంటింట్లో ఉన్న భార్యకి దగ్గు వినిపించింది, ఆ వెనకే వాసన తగిలింది. ఆ వాసన ఆమెకి బాగా ఎరుక. పరుగున వచ్చి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తలుపుని భుజంతో ఒక్క తోపు తోసింది. గడియ ఊడి వచ్చింది. ఆయన చొక్కా పట్టుకుని పెరట్లోకి ఈడ్చి, అరుగు మీద గాలికి కూర్చోబెట్టి, ముఖాన నీళ్లు కొట్టింది. లోపలి గాలి పోయేదాకా అటు ఎవరినీ పోనివ్వలేదు, ఆమె కూడా పోలేదు.

దగ్గు తగ్గాక తిట్లు మొదలయ్యాయి.

"బుద్ధుందా మీకు? మా లాండ్రీలో నిన్నగాక మొన్న చేరిన పిల్లకి కూడా తెలుసు, ఆ రెండూ ఒక గదిలో పెట్టకూడదని! ఏం కొంప మునిగిందని ఇదంతా?"

మేస్త్రి తల వంచుకున్నాడు. తర్వాత చాలా మెల్లగా, "అన్నయ్యకి వచ్చిందే నాకూ వచ్చిందే" అన్నాడు.

ఆమె చేతిలోని చెంబు అలాగే ఆగిపోయింది. "ఏం వచ్చింది?"

"రక్తం. కమోడులో ఎర్రగా పడుతోంది. తోమినా తోమినా వస్తూనే ఉంది. ముదిరిపోయింది."

"మీరు పోస్తున్నప్పుడు ఎర్రగా కనబడిందా?"

"ఆ దీపానికి ఏం కనబడుతుందే? అయినా కనబడాలా? మరక ఉందంటే పైనున్నది కారుతున్నట్టే."

ఆమెకి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ కలిసి వచ్చాయి. "పాతికేళ్లుగా నేను ఆస్పత్రిలో ఏం పని చేస్తున్నాననుకున్నారు? రక్తపు మరకలే కదా ఉతుకుతున్నాను! నన్ను ఒక్క మాట అడగడానికి ఏం అడ్డమొచ్చింది?"

"నీకు చెబితే నిజమైపోతుందని" అన్నాడు మేస్త్రి.  ఆమె చెంబు కింద పెట్టి ఆయన పక్కన కూర్చుంది.

కాసేపటికి లేచి లోపలికెళ్లి, ముందు నీళ్లు రెండు మూడుసార్లు పారించి, మందు వాసన పూర్తిగా పోయాక టార్చిలైటు వేసి వంగి చూసింది. ఆమెకి రెప్పపాటు చాలింది. "ఇది రక్తం కాదండీ. తుప్పు. బోరు నీళ్ల ఇనుము" అంది. నిమ్మ ఉప్పు డబ్బా తెచ్చి, కాసిని నీళ్లు చిలకరించి ముద్దగా చేసి వలయం మీద పూసింది. టీ పెట్టుకుని ఇద్దరూ అరుగు మీద తాగారు. తాగి వచ్చి మెత్తటి బ్రష్షుతో అటూ ఇటూ అంటే, వైరు బ్రష్షుకి పోయినట్టే పోయి తిరిగొచ్చిన మరక పంచదారలా కరిగి జారిపోయింది.

"చూశారా? రక్తమైతే దీనికి వదలదు. పులుపు తగిలితే రక్తం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వదిలేది తుప్పే."

మేస్త్రి గట్టెక్కినట్టే కనిపించాడు, ఓ పూటంతా. మధ్యాహ్నం డిపోలో ఏ ఇంజను దగ్గర ఆలోచించాడో ఏమో, సాయంత్రం వచ్చి "రక్తంలో కూడా ఇనుము ఉంటుందిగా?" అన్నాడు.

ఆమె నెత్తి కొట్టుకుంది. ఆయన ఆగలేదు. "లోపలి దొడ్లో ఎందుకు రాలేదంటావ్ మరి? అక్కడి నీళ్లు వేరంటావు. సరే. ప్లంబరు పెట్టిన కొత్తలో ఎందుకు రాలేదు? రోజూ మీట నొక్కితే నీళ్లు జర్రున పోతాయి, అంతలోనే మరక ఎలా కడుతుంది? నిదానంగా కారితేనే మరక కడుతుంది. ట్యాంకు కారితే చప్పుడు వస్తుంది, నాకు ఏ చప్పుడూ వినబడలేదు. నిదానంగా కారేది నేనే" అన్నాడు. చెప్పుకోవాల్సిందేమిటంటే, ఆ వాదనలో ఆ చివరి రెండు ముక్కలు తప్ప మిగతాదంతా అక్షరాలా నిజం.

నోటితో చెబితే ఈయన వినడని ఆమెకి అర్థమైంది. డ్రైవర్ల మాటే విననివాడు భార్య మాట వింటాడా? నేల చెప్పాలి. ఆయన అన్నం తిని లేచాక, ఆమె పెరట్లోకెళ్లి ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి, బట్టలకి పెట్టే నీలిమందు సీసాలో సగం అందులో ఒంపి, మూత పెట్టి వచ్చి పడుకుంది. ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు.

పొద్దున పెరటి వైపు నుంచి ఓ కేక వినబడింది.

"ఏమేవ్! ఇటు రా! నీలం!"

ఆమె తీరిగ్గా లేచి, తీరిగ్గా చెప్పులేసుకుని వెళ్లింది. మేస్త్రి గుమ్మంలో కమోడుకి ఆమడ దూరాన నిలబడి, దొంగని చూపించినట్టు వేలు చూపిస్తున్నాడు. కమోడులో నీళ్లు చిక్కటి నీలంగా ఉన్నాయి.

"నీలంగా వస్తోందే! ఇదేం రోగమే తల్లీ! ఎరుపు విన్నాం గానీ నీలం ఎక్కడా వినలేదే!"

"ఎవరు పోసింది?" అంది ఆమె, ముఖం గంభీరంగా పెట్టుకుని.

"ఎవరు పోయడమేంటి, నేనింకా..." అని మేస్త్రి ఆగిపోయాడు. "నేనింకా పోయనే లేదు. ఇప్పుడే తలుపు తీశాను."

"అయితే?"

ఆయన టార్చి లాక్కుని, మోకాళ్లు వద్దంటున్నా వినకుండా కిందికి వంగాడు. వెనక అంచు కింద నుంచి వెంట్రుకంత నీలి చార ఒకటి దిగుతోంది. చప్పుడు లేదు, బుడగ లేదు. నిన్నటి ఎర్ర చార ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే, దాని గీత మీదే నడుస్తోంది. దానికి పైన ఏముందో ఆయన చూశాడు. ట్యాంకు.

బండి రాకముందే అట్ట మీద మరక పడింది. అంటే కారుతున్నది బండి కాదు.

మేస్త్రి కమోడు మూత దించి దాని మీదే కూలబడ్డాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆమెకి వెంటనే తెలియలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. "సిగ్గు లేకపోతే సరి" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆరంభం నుంచీ చార వెనకాలే ఉంది. డిపోలో ఇంకెవడైనా ఇలా చదివితే గేటు అవతలికి తరిమేవాణ్ణి."

"మిమ్మల్ని తరమడానికి నాకు ఇంకా స్కూటరు పూర్తిగా రాలేదు" అంది.

అంతటితో ఊరుకుంటే ఆమె దుప్పట్లక్క ఎలా అవుతుంది? ఆ మరక ఆయనది కాదని నీలిమందు చెప్పింది గానీ, లోపల ఏమీ లేదని చెప్పలేదు కదా. "మీ అన్నయ్యకి ఉండింది. ఎలాగూ చూపించుకోవాల్సిందే, పదండి" అని ఆ రోజే లాండ్రీకి పోతూ పోతూ ఆయన్ని ల్యాబులో వదిలింది.  సాయంత్రం ఫలితం ఇచ్చిన డాక్టరమ్మ కాగితం మీద వేలు పరిగెత్తించి, "రక్తం లేదు, ఏమీ లేదు. ఇంట్లో జరిగినదానివల్ల మనసు పీకుతోంది కాబట్టి ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి. నీళ్లు బాగా తాగండి" అంది.

"ఏ నీళ్లు, బోరువా?" అని అడిగాడు మేస్త్రి. భార్య ఆయన కాలు తొక్కింది.

ఇంటికి రాగానే ట్యాంకు విప్పాడు. ఇది ఆయన రాజ్యం. అడుగున రబ్బరు మూత అంచు మీద ఇసుక రేణువొకటి ఇరుక్కుని గంటు పడింది. ఆ గంటు లోంచే నీళ్లు సద్దు చేయకుండా జారుతున్నాయి. ఎడతెగని ఆ సన్నటి ధారే తన ఇనుమునంతా పింగాణీ మీద మేకప్పులా పూసుకుంటూ పోయింది. రబ్బరు మార్చి, ట్యాంకు అడుగున పేరుకున్న ఎర్ర బురద కడిగి, బోరు గొట్టానికి సన్నటి జాలీ బిగించాడు. గుడ్డి దీపం పీకేసి తెల్లటి బల్బు పెట్టాడు. ఎమరీ కాగితం డిపోకి తిరిగిపోయింది, యాసిడ్ సీసా గడప దాటింది. ఇప్పుడు ఆదివారం ఆదివారం కాస్త నిమ్మ ఉప్పు చల్లి, కాసేపు నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో ఓసారి తిప్పుతాడు. ఆయన పెట్టిన గాట్లు మాత్రం పోవు. వాటిలో ఓ లేత నీడ పుడుతూ ఉంటుంది. పుట్టినప్పుడల్లా తుడిచేస్తాడు, దాని ముఖం చూసి భయపడడు. చార కూడా చూస్తాడు, ముందు అదే చూస్తాడు.

డిపోలో ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు, ఇంకెవరైనా చెబితే ఇంకా ఘోరంగా చెబుతారని. డ్రైవర్లు వారం పాటు ఆయన కుర్చీ కింద అట్టముక్క పెట్టి పోయారు. ఆయన తీసి పారేయలేదు. పొద్దున్నే దాన్ని కూడా మిగతా అట్టలతోపాటు లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ బండి రోడ్డెక్కచ్చు" అనేవాడు.

ఆ ఆదివారం కమోడు పని కాగానే భార్య స్కూటరు తాళం తీసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇంకా ఎందుకే? నేనెక్కడికీ పోవడం లేదుగా" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

"మీరు పోకపోతే నాకేం, నేను పోవాలి. లాండ్రీ దాకా బస్సులో నిలబడి నిలబడి నా కాళ్లు మీ మోకాళ్లయ్యేలా ఉన్నాయి. చచ్చిపోతాననుకుని నేర్పారు, బతికినందుకు మానేస్తారా?"

మేస్త్రి నవ్వుతూ వెనక సీటు ఎక్కాడు. ఆమె కిక్కు కొట్టింది, గేరు వేసింది, బండి వీధిలోకి బాణంలా దూసుకుపోయింది. మలుపు దగ్గర పడుతోంది.

"ఏవండీ, అన్నీ చెప్పారు గానీ ఆ చచ్చే తొందరలో ఒకటి చెప్పలేదు మీరు" అని ఆమె గట్టిగా అరిచింది. "బ్రేకు ఎటు?"